రేపు పొద్దున్న పనికెలా వెళ్లాలి?



ఈ పూట ఒక ఊరి గురించి మాట్లాడుకుందాం. ఊరి పేరు మాంట్‌గోమరీ. అమెరికా దక్షిణ భాగంలో అలబామా అనే రాష్ట్రం ఉంది. దానికి రాజధాని ఈ ఊరు. 1955 డిసెంబరు 5, సోమవారం. ఆ రోజు మాంట్‌గోమరీలోని నల్లజాతివాళ్లు సిటీ బస్సు ఎక్కడం మానేశారు. మళ్లీ ఎక్కింది 1956 డిసెంబరు 21న. మధ్యలో 381 రోజులు బస్సు మెట్టు తొక్కలేదు.

ఈ కథ మీలో చాలామంది విన్నదే. రోసా పార్క్స్ అనే ఆవిడ సీట్లోంచి లేవనన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ ముందు నిలిచారు. చివరికి గెలిచారు. పిల్లల పాఠాల్లో ఇంతే ఉంటుంది. ఉన్నంతవరకు నిజమే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ఊళ్లో నల్లవాళ్లు దాదాపు 50,000 మంది. ఎక్కువమంది కూలిపని చేసుకునేవాళ్లు, తెల్లవాళ్ల ఇళ్లలో వంటా అంట్లూ చూసే ఆడవాళ్లు. సొంత కారున్న ఇళ్లు కొద్ది. ఇల్లు ఊరికి ఈ చివర, పని ఆ చివర. బస్సెక్కం అని రాత్రి సభలో అందరూ లేచి నిలబడ్డారు. మంచిదే. మరి రేపు పొద్దున్న పనికెలా వెళ్లాలి?

నేను ఈ కాసేపూ చెప్పబోయేది ఈ ఒక్క ప్రశ్న గురించే. ఎందుకంటే అహింసా పోరాటం అనగానే మనకి ఊరేగింపులు గుర్తొస్తాయి, ఉపన్యాసాలు గుర్తొస్తాయి. లాఠీదెబ్బలకి ఓర్చుకున్నవాళ్లు గుర్తొస్తారు. ఆ వెనక నడిచే చాకిరీ గుర్తుకు రాదు. పోరాటం నిలిచేది ఆ చాకిరీ మీద.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ ఊళ్లో ఒకటే కిరాణా కొట్టుందనుకోండి. తూకం మోసం. మాట దురుసు. కానీ మీకక్కడ ఖాతా ఉంది. చేతిలో డబ్బు ఆడేదాకా పద్దు రాసుకుని సరుకులిచ్చేది ఆ కొట్టే. ఒకరోజు ఊరంతా కూడి, ఇక ఆ కొట్టు గడప తొక్కం అనుకున్నారు. అనుకోవడానికి నిమిషం చాలు. తెల్లారితే పసిపిల్లకి పాలు కావాలి. మధ్యాహ్నానికి పప్పూ ఉప్పూ కావాలి. పక్క ఊరి నుంచి సరుకు తెచ్చే బండి ఎవరిది? ముందు డబ్బు పెట్టేదెవరు? ఇంటింటికీ పంచేదెవరు, పద్దు రాసేదెవరు? ఇవన్నీ తేల్చుకుంటే ఆ పంతం నెలల తరబడి నిలుస్తుంది. తేల్చుకోకపోతే మూడోనాటికి ఒక్కొక్కరే చీకటి పడ్డాక వెళ్లి ఆ కొట్టు తలుపు తడతారు. వాళ్లని తప్పు పట్టలేం. ఇంట్లో పిల్లలున్నారు మరి.

మాంట్‌గోమరీవాళ్లు ఈ సంగతి మొదటిరోజే గ్రహించారు. అందుకే వాళ్ల పంతం 381 రోజులు నిలిచింది.

ముందు ఆ బస్సులెలా ఉండేవో చూద్దాం. బస్సులో 36 సీట్లు. ముందున్న 10 సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా సరే, నల్లవాళ్లు నిలబడాలి. నడుమ వరసలు డ్రైవరు ఇష్టం. తెల్లవాళ్లు ఎక్కేకొద్దీ నల్లవాళ్లు లేచి వెనక్కి జరగాలి. ఒక్క తెల్లాయన నిలబడి ఉంటే చాలు, ఆ వరసలో ఉన్న నల్లవాళ్లందరూ లేవాలి. ఒకే వరసలో పక్కపక్కన కూర్చోకూడదు కదా, అందుకని. ఇంకొకటి వినండి. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, దిగి, బస్సు పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లి వెనక తలుపున ఎక్కాలి. ఒక్కోసారి వాళ్లు వెనక తలుపు చేరేలోపే బస్సు కదిలిపోయేది. ఇచ్చిన డబ్బులు పోయినట్టే. డ్రైవర్లు అందరూ తెల్లవాళ్లే. ఎక్కేవాళ్లలో నూటికి 75 మంది నల్లవాళ్లు.

కూర్చునే చోటుని బట్టి మనిషి విలువ కట్టడం మనకి కొత్త సంగతి కాదు. టీకొట్లో కొందరికి వేరే గ్లాసు పెట్టిన ఊళ్లు మన దగ్గరా ఉన్నాయి. కనుక ఆ బస్సులో కూర్చున్నవాళ్ల గుండెలో ఏముందో మనకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం. రోసా పార్క్స్ పని ముగించుకుని బస్సెక్కారు. ఆవిడ ఒక పెద్ద బట్టల దుకాణంలో కుట్టుపని చేసేవారు. వయసు 42. నడుమ వరసలో కూర్చున్నారు. ఆ వరసలో నల్లవాళ్లు నలుగురు. ఒక తెల్లాయనకి సీటు లేదు. డ్రైవరు నలుగురినీ లెమ్మన్నాడు. ముగ్గురు లేచారు. పక్కాయన బయటికి రావడానికి ఆవిడ కాళ్లు పక్కకి తిప్పి దారిచ్చారు. తర్వాత కిటికీ వైపుకి జరిగి కూర్చున్నారు. లేవలేదు. పోలీసులొచ్చి పట్టుకెళ్లారు.

కాళ్లు నొప్పెట్టి లేవలేకపోయారని చాలాచోట్ల రాస్తారు. ఆవిడే తర్వాత ఆ మాట కొట్టిపారేశారు. నల్లవాళ్ల హక్కుల కోసం పనిచేసే సంఘానికి ఆ ఊళ్లో ఆవిడ కార్యదర్శి. ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నారు. అదే ఏడాది వేసవిలో టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ అనే బడికి వెళ్లి, వివక్షని ఎలా ఎదుర్కోవాలో చర్చించే తరగతుల్లో కూర్చుని వచ్చారు. అప్పటికప్పుడు పుట్టిన తెగింపు కాదది. ఆవిడ కంటే ముందు, అదే ఏడాది మార్చి నెలలో, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బడిపిల్ల కూడా ఇలాగే లేవనంది. ఆ పిల్లనీ పట్టుకెళ్లారు. ఆ పేరు మరిచిపోకండి. మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు కథకొద్దాం.

జో ఆన్ రాబిన్సన్ అని ఒక టీచరమ్మ ఉన్నారు. ఆ ఊరి నల్లవాళ్ల కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఊళ్లోని నల్లజాతి మహిళల రాజకీయ సమితికి అధ్యక్షురాలు. 1949లో ఆవిడకి ఒక అవమానం జరిగింది. దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో పొరపాటున ముందు వైపు సీట్లో కూర్చున్నారు. డ్రైవరు మీదికొచ్చి అరిచాడు. ఆవిడ ఏడుస్తూ దిగిపోయారు. దాన్ని మనసులో పెట్టుకుని ఊరుకోలేదు. 1954 మే నెలలోనే మేయరుకి ఉత్తరం రాశారు. పద్ధతి మార్చకపోతే మావాళ్లు బస్సెక్కడం మానేస్తారు అని మర్యాదగానే హెచ్చరించారు. అంటే రోసా పార్క్స్ అరెస్టుకి ఏడాదిన్నర ముందే ఈ ఆలోచన ఉంది.

అరెస్టు వార్త గురువారం రాత్రి తెలిసింది. అర్ధరాత్రివేళ రాబిన్సన్ కాలేజీకి వెళ్లారు. తోటి ఉద్యోగి ఒకాయన, ఇద్దరు విద్యార్థులు తోడు. సైక్లోస్టైల్ మిషను దగ్గర నిలబడి తెల్లవారేదాకా కరపత్రాలు తీశారు. కాగితం దండగ కాకుండా ఒక్కో తావు మీద మూడేసి కరపత్రాలు. తర్వాత ముక్కలుగా కోసి కట్టలు కట్టారు. పదుల వేల కాగితాలవి. శుక్రవారం పొద్దున్న ఆవిడ క్లాసు చెప్పారు. క్లాసు అయ్యాక కారులో కట్టలేసుకుని ఊరంతా తిరిగారు. బళ్ల దగ్గర, దుకాణాల దగ్గర, మంగలి షాపుల దగ్గర, ఆడవాళ్లు జుట్టు దువ్వించుకునే చోట్ల ఇచ్చారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దు అన్నది అందులో ఉన్న మాట.

ఆ ఊరి దినపత్రికకి కూడా ఈ సంగతి తెలిసింది. ఆదివారం మొదటి పేజీలో వేసింది. కరపత్రం అందనివాళ్లకి పత్రిక ద్వారా అందింది.

ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది. సోమవారం పొద్దున్న పనికెలా వెళ్లాలి?

ఊళ్లో నల్లవాళ్లు నడిపే టాక్సీ కంపెనీలు 18 ఉన్నాయి. వాళ్లని అడిగారు. బస్సు టిక్కెట్టెంతో అంతే, 10 సెంట్లకే ఎక్కించుకుంటామని వాళ్లు ఒప్పుకున్నారు. సోమవారం తెల్లవారుజామున కింగ్ గారింట్లో ఎవరికీ నిద్రలేదు. ఇంటి ముందునుంచే బస్సు వెళ్తుంది. మామూలుగా ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లతో కిటకిటలాడే బస్సది. ఆరింటికి మొదటి బస్సు వచ్చింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఆయన భార్య కొరెట్టా ముందు చూసి భర్తని కేకేశారు. బస్సు ఖాళీ. పావుగంటకి ఇంకోటి వచ్చింది. అదీ ఖాళీ.

అప్పటికి కింగ్ వయసు 26. ఊరికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఆ సాయంత్రమే కొత్త సంఘం పెట్టి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. రాత్రి హోల్ట్ స్ట్రీట్ చర్చిలో సభ. లోపల చోటు చాలక వేలమంది బయట నిలబడి మైకులో విన్నారు. పోరాటం కొనసాగించాలని అందరూ తీర్మానించారు. వాళ్లు అడిగింది కూడా చూడండి, ఎంత చిన్నదో. మర్యాదగా మాట్లాడాలి. ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి, నల్లవాళ్లు వెనకనుంచి, తెల్లవాళ్లు ముందునుంచి. నల్లవాళ్లు ఎక్కువగా తిరిగే దార్లలో నల్ల డ్రైవర్లని పెట్టాలి. అంతే. సిటీ పెద్దలు దానికీ ఒప్పుకోలేదు.

ఒక్కరోజంటే ఎలాగో గడుస్తుంది. రోజుల తరబడి అంటే వేరు. టాక్సీ అంటే కనీసం 45 సెంట్లు తీసుకోవాలని ఊళ్లో ఒక చట్టం ఉంది. పోలీసు కమిషనరు దాన్ని బయటికి తీశాడు. 10 సెంట్ల టాక్సీ ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ అదే ప్రశ్న. రేపు పొద్దున్న ఎలా?

కింగ్ ఫోనెత్తి లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ అనే ఊరికి మాట్లాడారు. 1953లో ఆ ఊరి నల్లవాళ్లు కొద్దిరోజులు బస్సులు మానేసి, కార్లలో ఒకరినొకరు చేరవేసుకున్నారు. దాన్ని నడిపిన జెమిసన్ అనే పాస్టరుగారు ఎలా చేశామో పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ రాత్రి సభలో కింగ్ అడిగారు, కార్లున్నవాళ్లలో ఎవరెవరు ఇస్తారని. 150 మందికి పైగా పేర్లిచ్చారు. తర్వాత తర్వాత ఆ కార్లు 300 దాకా అయ్యాయి.

శ్రోతలు ఇది కొంచెం మనసుపెట్టి వినాలి. కార్లుంటే సరిపోదు. ఎవరు ఎక్కడ ఎక్కాలి? ఎన్నింటికి? ఊరి సందుగొందులు ఎరిగిన తపాలా ఉద్యోగులు పటం ముందేసుకుని దార్లు గీశారు. పొద్దున్నపూట జనం ఎక్కే చోట్లు కొన్ని. ఎక్కువగా చర్చిల ముందు, ఎందుకంటే చలిలో లోపల కూర్చుని ఎదురుచూడొచ్చు. సాయంత్రం తెల్లవాళ్ల పేటల్లో పని ముగించుకున్నవాళ్లు ఎక్కే చోట్లు ఇంకొన్ని. రెండూ కలిపి 80కి పైమాటే. ఊరి నడుమ ఒక నల్లాయన కార్లు నిలిపే స్థలం ఉంది. అది పెద్ద కూడలి అయింది. ఇక్కడ దిగి అక్కడెక్కి మారేవాళ్లంతా అక్కడికే వచ్చేవాళ్లు. పాస్టర్లు కార్లు తోలారు. టీచర్లు బడికి ముందూ బడి తర్వాతా తోలారు. కొన్నాళ్లకి చర్చిల పేరుమీద పెద్ద వ్యాన్లు కొన్నారు. వాటి పక్కన చర్చి పేరు రాసి ఉండేది. జనం వాటిని కదిలే చర్చిలన్నారు.

కార్లలో చోటు దొరకనివాళ్లు, దొరికినా ఎక్కనివాళ్లు నడిచారు. రోజూ మైళ్లకి మైళ్లు నడిచిన ముసలమ్మలున్నారు.

చిత్రం ఏమిటంటే, కొందరు తెల్లజాతి గృహిణులు కూడా తమ పనిమనుషుల్ని కార్లో తెచ్చుకుని, దింపి వచ్చేవాళ్లు. వంట ఆగిపోతుందని కొందరు, మనసొప్పక కొందరు. మేయరు వాళ్లని బహిరంగంగా మందలించాడు. మీరిలా చేస్తే వాళ్లు బస్సెలా ఎక్కుతారన్నాడు. ఆడవాళ్లు ఆ మాట చెవిన పెట్టలేదు.

మరి పెట్రోలుకి డబ్బో? బండి బాగుచేయించడానికో? ఇక్కడ జార్జియా గిల్మోర్ గురించి చెప్పాలి. ఆవిడ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదని నాకనిపిస్తుంది. ఆవిడ ఒక హోటల్లో వంటమనిషి. భారీ మనిషి, పెద్ద గొంతు, ఆరుగురు పిల్లలు. సభలో నినాదాలిచ్చి ఊరుకోలేదు. తనకొచ్చిన పని వంట. దాంతోనే మొదలుపెట్టారు. నలుగురు ఆడవాళ్లని పోగేసి, చందాలేసుకుని కోళ్లూ రొట్టె కొన్నారు. కోడివేపుడు పెట్టిన శాండ్‌విచ్‌లు చేసి సభ దగ్గర అమ్మారు. తర్వాత ఇళ్లలో చేపలు, కూరలు, చిలగడదుంప పైలు, కేకులు చేసి ఊరంతా అమ్మారు. మంగలి షాపుల్లో అమ్మారు. తెల్లవాళ్లకీ అమ్మారు. వచ్చిన డబ్బు తెచ్చి సభలో అందరి ముందూ పోసేవారు. జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ ఆడవాళ్ల బృందానికి ఆవిడ పెట్టిన పేరు, ఎక్కడిదీ కాని క్లబ్బు. ఎందుకు పెట్టారో తెలుసా? కొనేవాళ్లకీ చేసేవాళ్లకీ ప్రమాదం రాకూడదని. ఈ డబ్బెక్కడిది అని అధికారులడిగితే, ఎక్కడిదీ కాదు. పనిమనిషి పేరు బయటపడితే ఆ పూటే పని పోతుంది. చందా ఇచ్చిన తెల్లావిడ పేరు బయటపడితే ఆవిడని చుట్టుపక్కలవాళ్లు వెలేస్తారు. చూశారా, ఒక వంటమనిషి ఎంత ముందుచూపుతో కట్టిందో ఆ ఏర్పాటుని. ఊరికి ఇంకోవైపు ఆడవాళ్లు పోటీగా ఇంకో క్లబ్బు పెట్టారు. ఈ వారం ఎవరు ఎక్కువ తెచ్చారని సభలో సరదా పందెం. గిల్మోర్ తర్వాత కింగ్ కేసులో కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పారు. ఉద్యోగం పోయింది. ఇంట్లోనే భోజనాలు పెట్టడం మొదలుపెట్టారు. కింగ్, ఆయన స్నేహితులు ఆ బల్ల దగ్గరే తింటూ ఉద్యమం సంగతులు మాట్లాడుకునేవారు.

వారానికి రెండు రాత్రులు, సోమవారం, గురువారం, చర్చిల్లో సభలుండేవి. పాటలు, ప్రార్థన, ఆ వారం కబుర్లు. ఇవి ఎందుకు పనికొచ్చాయో జనవరిలో తెలిసింది. ఒక శనివారం రాత్రి కింగ్‌కి ఒక వార్త చేరింది. సిటీ పెద్దలు ఉద్యమంతో సంబంధం లేని ముగ్గురు పాస్టర్లని పిలిచి మాట్లాడి, రాజీ కుదిరింది, బస్సుల బహిష్కరణ అయిపోయింది అని పత్రికకి చెప్పారట. మర్నాడు పొద్దున్న పేపర్లో వచ్చేస్తుంది. కింగ్, తోటివాళ్లు ఆ రాత్రికి రాత్రే పానశాలలు, క్లబ్బుల చుట్టూ తిరిగి అది అబద్ధమని చెప్పారు. ఆదివారం పొద్దున్న ప్రతి చర్చిలో పాస్టర్లు చెప్పారు. సోమవారం బస్సులు మళ్లీ ఖాళీగానే తిరిగాయి. పొద్దున్న కారెక్కడుంటుందో చెప్పే దారి ఏదో, ఏది నిజమో ఏది పుకారో చెప్పే దారీ అదే.

తర్వాత బెదిరింపులు. కార్లు తోలేవాళ్లని పోలీసులు అయినదానికీ కానిదానికీ ఆపి జరిమానాలు రాశారు. రాబిన్సన్ గారొక్కరికే 17 చలానాలు. కింగ్‌ని కూడా 25 మైళ్ల వేగం దాటకూడని చోట 30 మైళ్ల వేగంతో వెళ్లాడని జైల్లో పెట్టారు. జనవరి 30న ఆయన ఇంటి మీద బాంబేశారు. లోపల కొరెట్టా, పొత్తిళ్లలో పాప. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఇంటి ముందు జనం పోగయ్యారు. కొందరి చేతుల్లో తుపాకులు. కింగ్ వాకిట్లోకొచ్చి, ఆయుధాలుంటే ఇంటికి తీసుకుపొండని వాళ్లని శాంతపరిచి పంపారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికి కింగ్ ఇంట్లో కూడా తుపాకులున్నాయి. తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు కూడా పెట్టారు, ఇవ్వలేదు. అహింస ఆయనకి పుట్టుకతో రాలేదు. గాంధీ గురించి చదువుకున్నారు, కానీ ఒంటబట్టింది ఈ పోరాటంలోనే. బేయర్డ్ రస్టిన్ అని ఒకాయన ఉత్తరాది నుంచి వచ్చి పక్కన కూర్చున్నారు. 1948లో భారతదేశం వచ్చి గాంధేయుల్ని కలిసి వెళ్లినాయన ఆయన. ఇంట్లో తుపాకీ, బయట అహింస పొసగవని ఓపిగ్గా వాదించారు. తుపాకులు ఇంట్లోంచి వెళ్లిపోయాయి.

నిజానికి గాంధీ పేరు ఆ ఊళ్లో ఇంకా ముందే వినిపించింది. ఉద్యమం మొదలైన వారానికే జూలియట్ మోర్గన్ అనే తెల్లజాతి లైబ్రేరియన్ పత్రికకి ఉత్తరం రాశారు. ఈ నడకలు చూస్తుంటే గాంధీ ఉప్పు సత్యాగ్రహం గుర్తొస్తోందన్నారు. అందుకు ఆవిడ సొంతవాళ్ల నుంచే చాలా బాధలు పడ్డారు. మనకి చీరాల పేరాల గుర్తొస్తుంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం మున్సిపాలిటీ పన్ను కట్టబోమని ఊరే వదిలి, పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. అక్కడా మొదటి రాత్రి ఎవరో ఒకరు అడిగే ఉంటారు, రేపు పొద్దున్న నీళ్లెక్కడ అని.

సరే, మాంట్‌గోమరీకొద్దాం. ఫిబ్రవరిలో ఇంకో దెబ్బ. ఎప్పుడో 1921 నాటి చట్టం ఒకటి తీసి, వ్యాపారాన్ని దెబ్బతీయడానికి కుట్ర పన్నారని 89 మంది మీద కేసు పెట్టారు. ఆ ఊళ్లో నల్లవాళ్లకి జైలంటే వణుకు. కానీ ఈసారి పోలీసుల కోసం ఎవరూ ఇంట్లో దాక్కోలేదు. మంచి బట్టలు కట్టుకుని తామే వెళ్లారు. జాబితాలో మా పేరుందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. కార్ల బీమాల మీద కూడా పడ్డారు. కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి చర్చి వ్యాన్ల బీమా రద్దు చేశాయి. బీమా లేకపోతే బండి రోడ్డెక్కకూడదు. చివరికి అట్లాంటాలోని ఒక నల్లజాతి ఏజెంటు ద్వారా లండన్‌లోని లాయిడ్స్ దగ్గర బీమా చేయించారు.

దెబ్బలన్నీ ఎక్కడ పడ్డాయో చూడండి. టాక్సీ ఛార్జీ మీద. కార్ల డ్రైవర్ల మీద. బండ్ల బీమా మీద. ఆ ఊరి అధికారులకి బాగా తెలుసు, ఈ పోరాటం ప్రాణం ఉపన్యాసంలో లేదని. పొద్దున్నే జనాన్ని పనికి చేర్చే ఆ కార్లలో ఉందని.

ఈ లోపల ఇంకోవైపు కోర్టు నడుస్తోంది. ఫ్రెడ్ గ్రే అనే పాతికేళ్ల లాయరు నలుగురు ఆడవాళ్ల తరఫున కేసు వేశాడు. ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్. నాలుగో పేరు క్లాడెట్ కాల్విన్, మనం ముందు చెప్పుకున్న బడిపిల్ల. 1956 జూన్‌లో, బస్సుల్లో ఈ వేరుపాటు రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు తీర్పిచ్చింది. సిటీ సుప్రీంకోర్టుకి వెళ్లింది.

కోర్టు తీర్పు వల్ల గెలిచారు కదా, మరి ఈ నడకలెందుకు అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. కోర్టులో ఆ నలుగురి వెనక ఊరంతా నిలబడి ఉండకపోతే, వాళ్లలో ఎంతమంది ఆ కాగితం మీద చివరిదాకా పేరుంచేవాళ్లు? నిజానికి మొదట ఐదుగురు. బెదిరింపులకి ఒకావిడ తప్పుకున్నారు.

నవంబరు 13న సిటీ వేసిన ఇంకో కేసు విచారణ. కార్ల ఏర్పాటుని ఆపేయమని. కింగ్ ఆ కోర్టులో కూర్చుని ఉన్నారు. ఇవాళ్టితో కార్లు ఆగిపోతాయి, రేపు పొద్దున్న జనానికి ఏం చెప్పాలి అని దిగులు. విరామంలో ఒక విలేకరి ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. సుప్రీంకోర్టు ఆ జూన్ తీర్పుని ఖాయం చేసింది. అదేరోజు ఈ కోర్టు కార్లని ఆపేసింది కూడా. సుప్రీంకోర్టు ఉత్తర్వు కాగితాలు ఊరు చేరడానికి నెలకి పైగా పట్టింది. ఆ నెల అంతా ఇరుగుపొరుగు కూడబలుక్కుని, నడిచి గడిపారు.

ఆ నెల వృథా చేయలేదు. చర్చిల్లో తర్ఫీదు తరగతులు పెట్టారు. వేదిక ముందు కుర్చీలు బస్సులో సీట్లలాగా వరసగా వేశారు. ఒకరు డ్రైవరు. మిగతావాళ్లు ప్రయాణికులు, అందులో కొందరు తెల్లవాళ్ల వేషం. ఒకరు తిడతారు, ఒకరు తోస్తారు. అవతలివాళ్లు తిట్టుకి తిట్టు, దెబ్బకి దెబ్బ ఇవ్వకుండా ఉండాలి. కొందరు వేషంలో మరీ లీనమై గట్టిగా తోసేవాళ్లు, కొందరు పౌరుషం ఆపుకోలేక ఎదురు తిరిగేవాళ్లు. ఆపి, మాట్లాడుకుని, మళ్లీ మొదలు. ఒక కాగితం మీద సూచనలు రాసి పంచారు కూడా. గెలిచామని గొప్పలు పోవద్దు, వేరే సీటు ఖాళీ ఉంటే కావాలని తెల్లవాళ్ల పక్కన కూర్చోవద్దు, పక్కవాళ్లని మర్యాదగా పలకరించండి, పెద్ద గొడవ ఏదైనా జరిగితే డ్రైవరుకి చెప్పండి అని. ఓడినప్పుడు ఎలా ఉండాలో అందరూ చెబుతారు. గెలిచాక ఎలా ఉండాలో కూర్చుని సాధన చేసిన ఊరిది.

డిసెంబరు 21 పొద్దున్న కింగ్, తోటివాళ్లు మొదటి బస్సులో ముందు వైపు కూర్చున్నారు. అంతటితో అన్నీ చల్లబడలేదు. వారం తిరక్కుండానే బస్సుల మీద కాల్పులు జరిగాయి. ఒక గర్భిణికి కాళ్లలో తూటాలు దిగాయి. జనవరి 10న నాలుగు చర్చిల మీద, ఇద్దరు పాస్టర్ల ఇళ్ల మీద బాంబులేశారు. జనం బస్సెక్కడం మానలేదు. దెబ్బకి దెబ్బ తీయనూ లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. మాంట్‌గోమరీలో జనం నడుస్తున్న రోజుల్లో జేమ్స్ లాసన్ అనే నల్లజాతి యువకుడు మన నాగపూర్‌లో ఉన్నాడు. అక్కడి హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతులు చదువుకుంటున్నాడు. ఒకరోజు నాగపూర్ పత్రికలో ఈ వార్త చూశాడు. ఆనందం పట్టలేకపోయాడు. 1956లో తన దేశం వెళ్లాడు. కింగ్‌ని కలిశాడు. ఆలస్యం చేయకుండా దక్షిణాదికి వచ్చేయమన్నారాయన. లాసన్ నాష్‌విల్ అనే ఊళ్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి వారం వారం తరగతులు నడిపాడు. అక్కడ దుకాణాల్లో నల్లవాళ్లు బట్టలు కొనొచ్చు, అదే దుకాణంలో భోజనం బల్ల దగ్గర కూర్చోకూడదు. మళ్లీ అవే కుర్చీలు, అదే సాధన. జుట్టు పట్టి లాగితే ఏం చేయాలి, మొహం మీద పొగ ఊదితే ఏం చేయాలి, ముందు వరస అరెస్టయితే వాళ్ల చోట్లో కూర్చోవడానికి రెండో వరస ఎక్కడ నిలబడాలి. నెలల తరబడి నేర్చుకున్నాకే, 1960 ఫిబ్రవరి 13న వెళ్లి ఆ బల్లల దగ్గర కూర్చున్నారు. కొట్టించుకున్నారు. జైలుకెళ్లారు. పెద్దవాళ్లు ఆ దుకాణాల్లో కొనడం మానేశారు. మే 10న ఆరు దుకాణాలు నల్లవాళ్లకి భోజనం వడ్డించాయి. ఆ రోజు ఎంతమంది వెళ్లాలి, ఏ వేళకి వెళ్లాలి, దుకాణంవాళ్లు తమ పనివాళ్లకి ముందుగా ఏం చెప్పాలి అన్నది ఇరువైపులవాళ్లూ ముందే కూర్చుని మాట్లాడుకుని ఉన్నారు.